కవాయి వెళ్తున్నారా? డిన్నర్ బుకింగులు కాస్త ఆపండి

కవాయి వెళ్తున్నామని చెప్పేవాళ్లు నన్ను అడిగేవి రెండే: ఏం చూడాలి, ఎక్కడ తినాలి. రెండు లిస్టులు పంపితే చాలంటారు. ఫోన్‌లో ఒక నోట్ నిండా బీచ్‌లు, ట్రెయిల్స్, పడవ ట్రిప్పులు ఉంటాయి. ఇంకో నోట్‌లో రెస్టారెంట్లు, వాటి పక్కన రేటింగులు. ఒక లిస్టుకూ రెండోదానికీ సంబంధమే ఉండదు. హవాయి దీవుల్లో ఈ పద్ధతి అందరికంటే ముందు బెడిసికొట్టేది కవాయిలోనే అని నా గట్టి నమ్మకం. అక్కడ ఏ నీళ్లలో దిగాలో మీరు వెళ్లిన నెలను బట్టి, ఆ పొద్దుటి గాలిని బట్టి తేలుతుంది. ఎక్కడ తినాలో మీరు దిగిన నీళ్లను బట్టి తేలాలి. ఈ వరస తిరగేసి, రాత్రి ఏడున్నరకు టేబుల్ ముందే బుక్ చేసుకుని, పగలంతా దాని చుట్టూ సర్దుకునేవాళ్లకు డబ్బు పూర్తిగా ఖర్చవుతుంది, దీవి మాత్రం సగమే దొరుకుతుంది.

ముందు రోడ్డు సంగతి చూద్దాం. మ్యాప్‌లో దీవి గుండ్రంగా కనిపిస్తుంది కాబట్టి చుట్టి రావచ్చనుకుంటారు. కుదరదు. ఉత్తరాన రోడ్డు కేఏ బీచ్ దగ్గర ఆగిపోతుంది. పడమట పోలిహాలే దగ్గర ఆగిపోతుంది, అదీ చివరి కొన్ని మైళ్లు గుంతల మట్టిరోడ్డు. ఈ రెండు కొసల మధ్య ఉన్నవి నాపాలీ కొండలు. సముద్రంలోంచి నిటారుగా లేచిన ఆ కొండల మీద రోడ్డు వేయడం ఎవరివల్లా కాలేదు. పడవలో అయితే అది పదిహేను, పదహారు మైళ్ల తీరం. కారులో అయితే వెనక్కి తిరిగి, కాపాఆ, లిహూయే మీదుగా దీవిలో ముప్పాతిక భాగం చుట్టుకుని పోవాలి. రెండు గంటలకు పైమాటే. స్పీడ్ లిమిట్ ఎక్కడా గంటకు 50 మైళ్లు దాటదు, కాపాఆలో సాయంత్రం పూట ట్రాఫిక్ పాకుతూ ఉంటుంది.

ఉత్తర తీరంలోని హనలే ఊళ్లోకి వెళ్లాలంటే 1912 నాటి ఇనుప వంతెన దాటాలి. ఒకటే లేన్. అక్కడి నుంచి కేఏ దాకా అలాంటి ఒంటి లేన్ వంతెనలు ఇంకా వస్తాయి. ఇటునుంచి ఐదు నుంచి ఏడు కార్లు వెళ్లాక ఆగి, అటువైపు వాళ్లకు దారివ్వడం అక్కడి మర్యాద. బోర్డు మీద కూడా రాసి ఉంటుంది. ఆగినవాళ్లకు చెయ్యి ఎత్తి థాంక్స్ చెప్పాలి. అక్కడ హారన్ కొట్టారంటే టూరిస్టు అని వెంటనే తెలిసిపోతుంది. ఇప్పుడు దక్షిణ తీరంలోని పోయిపూలో హోటల్ తీసుకుని, ఎవరో గొప్పగా రాశారని హనలేలో డిన్నర్ బుక్ చేసుకున్నవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. వెళ్లడానికి గంటంపావు, రావడానికి గంటంపావు. వచ్చేటప్పుడు చీకటి, చాలాచోట్ల వీధి దీపాలు ఉండవు, తరచూ వాన. ఆ భోజనం ఎంత బాగున్నా నేను సిఫార్సు చేయను.

వాన అన్నాను కాబట్టి అదీ చెప్పుకోవాలి. దీవి నడిమధ్యలో వైయాలేయాలే అనే కొండ ఉంది. ఏడాదికి సగటున తొమ్మిది మీటర్లకు పైగా వాన పడుతుంది. ప్రపంచంలో అతి ఎక్కువ వాన పడే చోట్లలో అదొకటి. అక్కడికి ఇరవై మైళ్లు కూడా లేని కెకాహాలో ఏడాది మొత్తానికి అర మీటరు అటూఇటూ. ఈశాన్యం నుంచి వీచే వ్యాపార పవనాలు కొండకు కొట్టుకుని ఉన్న తేమంతా అక్కడే దించేస్తాయి, అవతలివైపు పొడిగా మిగులుతుంది. అందుకే ఫోన్‌లో వాతావరణం యాప్ వారం రోజులూ వాన గుర్తు చూపిస్తే బెంగ పడక్కర్లేదు. హనలేలో జల్లు పడుతుంటే పోయిపూలో కళ్లు చెదిరే ఎండ ఉండడం అక్కడ మామూలే. ఏ ఊరి వాతావరణం అన్నది చూడాలి. అయితే వానను మరీ తేలిగ్గా కూడా తీసుకోకూడదు. 2018 ఏప్రిల్‌లో హనలే పక్కనే ఉన్న వైపాలో 24 గంటల్లో 49.69 అంగుళాలు కురిసింది. అమెరికాలో 24 గంటల వానకు అదే రికార్డు. కొండచరియలు విరిగిపడి, హనలే దాటాక ఉన్న రోడ్డు పర్యాటకులకు మళ్లీ తెరుచుకునేసరికి 2019 జూన్ వచ్చింది.

సముద్రం కూడా నెలను బట్టి పక్క మారుస్తుంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఉత్తర పసిఫిక్ తుఫానుల నుంచి వచ్చే అలలు ఉత్తర తీరాన్ని బాదుతాయి. జులైలో చిన్నపిల్లలు నడుము లోతు నీళ్లలో చేపలు చూసిన కేఏ బీచ్‌లో జనవరిలో ఇంటిచూరు ఎత్తు అలలు లేస్తాయి. బీచ్ అదే, పేరు అదే, ఇంటర్నెట్‌లో ఫోటో కూడా అదే. ఎండాకాలంలో దక్షిణార్ధగోళం నుంచి వచ్చే అలలు పోయిపూ వైపు తగులుతాయి గానీ, ఉత్తరాన చలికాలపు అలలంత భీకరంగా ఉండవు. అందుకని నా లెక్క సింపుల్: చలికాలమైతే దక్షిణాన పోయిపూలోనో కోలోవాలోనో దిగండి, ఎండాకాలమైతే ఉత్తరాన ప్రిన్స్‌విల్, హనలే వైపు చూడండి. మీరు దిగిన వైపే మీ తిండి కూడా.

ఇక పొద్దున సంగతి. అమెరికా పశ్చిమ తీరం నుంచి వెళ్లేవాళ్లకు టైము చలికాలంలో రెండు గంటలు, ఎండాకాలంలో మూడు గంటలు వెనక్కి జరుగుతుంది (హవాయిలో గడియారం మార్చే అలవాటు లేదు). తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేస్తుంది. రాకపోయినా కోళ్లు లేపుతాయి. కవాయి అంతా వీధికోళ్లే. పార్కింగుల్లో, పెట్రోలు బంకుల్లో, బీచ్‌లో, ఎయిర్‌పోర్టులో కూడా. 1992లో ఇనీకి తుఫాను గూళ్లు కూల్చేసినప్పుడు బయటపడ్డ కోళ్లే ఇలా పెరిగిపోయాయని అక్కడివాళ్లు చెబుతారు. కారణం ఏదైతేనేం, తెల్లారకముందే లేవడం ఖాయం. ఆ మెలకువను వాడుకోమనే నేను చెప్పేది. పొద్దున్నే గాలి తక్కువ, నీళ్లు తేటగా ఉంటాయి, పార్కింగ్ దొరుకుతుంది. పదకొండు, పన్నెండు అయ్యేసరికి గాలి లేచి నీళ్ల మీద నురగ తేలుతుంది. రాత్రి పదింటి దాకా డిన్నర్, డ్రింక్స్ అంటూ కూర్చున్నవాళ్లు బీచ్‌కి చేరేది సరిగ్గా ఆ వేళకే. తర్వాత, నీళ్లు బాలేవు, చేపలే కనపడలేదు అని కంప్లైంట్.

స్నార్కెలింగ్ గురించి, అంటే మాస్క్, ఊపిరి ట్యూబ్ పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ చేపలు చూడడం గురించి, కొంచెం గట్టిగానే చెప్పాలి. హవాయిలో సముద్రంలో చనిపోయే పర్యాటకుల్లో ఎక్కువమంది పోయేది స్నార్కెలింగ్ చేస్తూనే. పెద్ద అలలో, సొరచేపలో కారణం అనుకుంటారు. చాలాసార్లు జరిగేది వేరు. నీళ్లు నిశ్చలంగానే ఉంటాయి, మనిషి మొహం కిందికి పెట్టి తేలుతూ ఉంటాడు, కాళ్లు కదలడం లేదని పక్కవాళ్లు గమనించేసరికి ఆలస్యం అవుతుంది. అరవడు, చేతులు కొట్టుకోడు. అందుకే నా షరతులు ఇవి. లైఫ్‌గార్డు ఉన్న బీచ్‌లోనే దిగాలి. జంటగా దిగాలి, ఒకరు తల ఎత్తినప్పుడల్లా రెండోవాళ్లు ఎక్కడున్నారో చూసుకోవాలి. మాస్క్‌కీ ట్యూబ్‌కీ ముందు పాదాలు నేలకు అందే చోట అలవాటు పడాలి. ఆయాసంగా అనిపిస్తే ఆలోచించకుండా మాస్క్ తీసేసి, వెల్లకిలా తిరిగి, ఒడ్డుకు రావాలి. మందు తాగి దిగకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను, కానీ పొద్దున బ్రంచ్‌లో రెండు కాక్‌టెయిల్స్ తాగి దిగేవాళ్లు ఉంటారు కాబట్టి చెబుతున్నాను. పొద్దున అరటిపండు, బ్రెడ్డు లాంటిది కొంచెం తిని దిగితే చాలు. అసలు భోజనం ఒడ్డుకొచ్చాక.

ఈత రాని పిల్లలుంటే తూర్పు తీరంలో లిడ్‌గేట్ బీచ్ పార్కు బెస్ట్. రాళ్ల గోడ కట్టి సముద్రం నీళ్లను మడుగులా ఆపారు, లైఫ్‌గార్డు కూడా ఉంటాడు. హనకాపియాయి బీచ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. కేఏ నుంచి కలలావ్ ట్రెయిల్ మీద రెండు మైళ్లు నడిస్తే వస్తుంది. చెమటలు కక్కుతూ దిగేసరికి నీళ్లు రా రమ్మంటాయి. దిగకండి. అక్కడ లైఫ్‌గార్డు లేడు, లోపలికి లాగే ప్రవాహం ఉంది, చాలా ప్రాణాలు పోయిన చోటు. ప్రిన్స్‌విల్‌లో క్వీన్స్ బాత్ అని రాళ్ల మధ్య గుంట ఉంటుంది, ఫోటోల్లో స్విమ్మింగ్ పూల్‌లా కనిపిస్తుంది. చలికాలంలో అలలు పెరిగినప్పుడు దారికి గేటు వేసేస్తారు. ఆ గేటు పక్కనుంచి దూరి వెళ్లేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే వాళ్లను వెతకడానికి నీళ్లలో దూకాల్సింది ఇంకొకరు. భారీ వాన పడ్డాక సముద్రం గోధుమరంగుకు తిరిగితే ఆ రోజు, ఆ మర్నాడు కూడా ఈత మానేయండి. కొండ మీది మురికంతా అందులోనే ఉంటుంది. వాగుల్లో, జలపాతాల కింద మునిగేముందు ఒంటి మీద గాయాలున్నాయేమో చూసుకోండి, లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు ఆ మంచినీళ్లలోంచే వస్తుంది.

ముందుగా బుక్ చేసుకోవలసినవి లేవని కాదు. ఉన్నాయి, కానీ అవి టేబుళ్లు కావు. కేఏ బీచ్, కలలావ్ ట్రెయిల్ మొదలు ఉన్న హాఎనా స్టేట్ పార్కులోకి రోజుకు 900 మందినే రానిస్తారు. హవాయి వాసులు కానివాళ్లకు రిజర్వేషన్ తప్పనిసరి. 30 రోజుల ముందు తెరుచుకుంటుంది, కారు పార్కింగ్ టికెట్లు చూస్తుండగానే అయిపోతాయి. అవి దొరక్కపోతే షటిల్ బస్సు ఉంది, నాకైతే అదే నయం. హనకాపియాయి దాటి నడవాలంటే క్యాంపింగ్ పర్మిట్ ఉండాలి. నాపాలీ పడవ ట్రిప్పును మాత్రం మీరు దిగిన మర్నాటికో, మూడోరోజుకో పెట్టుకోండి. సముద్రం బాగాలేక క్యాన్సిల్ చేస్తే తర్వాతి రోజుల్లోకి మార్చుకోవచ్చు. చివరి రోజుకు పెట్టుకుంటే ఆ అవకాశం ఉండదు.

ఇలా పొద్దుటి పని పదకొండున్నరకల్లా అయిపోతుంది. ఉప్పునీళ్లలో మూడు గంటలు గడిపాక వేసే ఆకలి మామూలుగా ఉండదు. రోజంతటికీ అసలు భోజనం అప్పుడే చేయండి, డబ్బు అక్కడే పెట్టండి. కవాయి వంట గొప్పదనమంతా మధ్యాహ్నం తిండిలోనే ఉంది. దానికో చరిత్ర ఉంది. హవాయిలో నిలదొక్కుకున్న మొదటి చెరకు తోట 1835లో కోలోవాలోనే మొదలైంది. చైనా, జపాన్, పోర్చుగల్, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కూలీలు తోటల్లో పనిచేసి, పక్కపక్కనే కూర్చుని క్యారేజీలు విప్పేవారు. ప్లేట్ లంచ్ అలా పుట్టింది: రెండు గరిటెల అన్నం, మాకరోని సలాడ్, ఒక కూర. పక్కన చెట్టుకింద బల్ల ఉంటే చాలు, తెల్ల టేబుల్ క్లాతు అక్కర్లేదు.

పోకే అంటే మసాలా కలిపిన పచ్చి చేప ముక్కలు. దానికోసం రెస్టారెంటుకు వెళ్లొద్దు, చేపల కొట్టుకో సూపర్ మార్కెట్‌లో తయారు తిండి అమ్మే డెలి కౌంటర్‌కో వెళ్లండి. అద్దం వెనక ఐసు మీద ట్రేలు వరుసగా ఉంటాయి. ముదురు ఎరుపు ఆహీ ముక్కలు, అంటే ట్యూనా. ఒకదాంట్లో సోయా సాస్, ఉల్లిపాయ, నువ్వుల నూనె. ఇంకోదాంట్లో లిము అనే సముద్రపు నాచు, వేయించి దంచిన కుకుయ్ గింజల పొడి, ముతక ఉప్పు. ఇది పాత పద్ధతి, నా ఓటు దీనికే. ధర పౌను బరువు లెక్కన. ప్రతి ట్రే ముందు చిన్న చీటీ ఉంటుంది, అది చదవండి: చేప తాజాదా, ముందు ఫ్రీజ్ చేసి కరిగించినదా అని రాస్తారు, ధర కూడా దాన్ని బట్టే. రుచి చూస్తానంటే చాలాచోట్ల చెంచాతో కొంచెం పెడతారు. మనిషికి అర పౌను, కింద వేడన్నం వేయించుకుంటే కడుపు నిండిపోతుంది. కారులో ఎండలో పెట్టుకుని తిరక్కుండా వెంటనే తినేయాలి, పచ్చి చేప కదా.

నూడుల్స్ ఇష్టమైతే సైమిన్ అనే నూడుల్స్ సూప్ తినండి. లిహూయేలో హమూరా సైమిన్ అని పాత కొట్టు ఉంది, మెలికలు తిరిగిన పొడవాటి కౌంటర్ చుట్టూ ఎత్తు తక్కువ స్టూళ్లు. 2006లో దానికి అమెరికాలో వంటకు పెద్ద గుర్తింపుగా చూసే జేమ్స్ బియర్డ్ వాళ్ల అమెరికాస్ క్లాసిక్స్ అవార్డు వచ్చింది. గిన్నె ఖాళీ చేశాక లిలికోయి (పాషన్ ఫ్రూట్) పై అనే తీపి వంటకం అడగడం మర్చిపోవద్దు.

శాకాహారులకు ఒక మాట. సైమిన్ రసం రొయ్యలతోనో చేపతోనో కాస్తారు, పైన కూరగాయలే కనిపించినా లోపల సంగతి అది. మాకరోని సలాడ్‌లో మయొనైజ్ ఉంటుంది, లావ్‌లావ్ చేమాకుల్లో చుట్టి ఉడికించినదే అయినా లోపల పంది మాంసం. అలా అని ఆకలితో ఉండాల్సిన పని లేదు. హనలే లోయలో కనిపించే పచ్చటి మళ్లు వరి అనుకుంటారు చాలామంది. అవి చేమ మళ్లు. హవాయి రాష్ట్రంలో పండే చేమలో ఎక్కువ భాగం ఇక్కడిదే. ఆ దుంపలు ఉడికించి దంచి చేసేది పోయి. మొదటిసారి తింటే చప్పగా, బంకగా ఉంటుంది. రెండురోజులు పులిసినదైతే కాస్త పుల్లగా ఉండి ఉప్పటి కూరలతో బాగా పోతుంది. అదే చేమకోరులో కొబ్బరిపాలు, చక్కెర కలిపి గంటల తరబడి ఆవిరి మీద ఉడికిస్తే కులోలో. ముదురు గోధుమరంగు, కొంచెం సాగుతుంది. టోఫు పోకే చాలా కౌంటర్లలో దొరుకుతుంది. రైతుబజార్లు వారంలో వేర్వేరు రోజుల్లో వేర్వేరు ఊళ్లలో జరుగుతాయి. చిట్టి అరటిపళ్లు, బొప్పాయి, తెల్లటి తియ్యటి పైనాపిల్, ఎండాకాలమైతే లిచీ. ఆకుకూరలు కొంటే మాత్రం ఒక్కో ఆకు విడదీసి కుళాయి కింద కడగండి. నత్తల ద్వారా వచ్చే ఒక పురుగు మెదడుకు జబ్బు తెస్తుంది, హవాయి ఆరోగ్య శాఖ దీని గురించి ఎప్పటినుంచో హెచ్చరిస్తోంది. ఇంకో సంగతి: ఎవరైనా పగడపు దిబ్బల దగ్గర పట్టిన చేప ప్రేమగా ఇస్తే ఆలోచించండి. కొన్నిటిలో సిగ్వటెరా అనే విషం ఉంటుంది, వండినా పోదు. ఆహీ, మాహీమాహీ, ఓనో లాంటి లోతు సముద్రపు చేపలకు ఈ బెడద సాధారణంగా ఉండదు.

"మరి సన్‌సెట్ చూస్తూ డిన్నర్?" అని అడుగుతారు, ముఖ్యంగా కొత్త జంటలు. కాదనను, ఒక్కసారి పెట్టుకోండి. కానీ లెక్క చూడండి. డిసెంబరులో ఆరింటికే పొద్దు గూకుతుంది, జులైలో అయినా ఏడున్నర దాటదు. ఉష్ణమండలం కాబట్టి సంధ్యవెలుగు ఎక్కువసేపు నిలవదు. ఏడున్నర టేబుల్‌కు సముద్రం వైపు సీటంటే మీరు చూసేది నల్లటి కిటికీ అద్దంలో మీ మొహాలే. అప్పటికి సముద్రం చప్పుడు తప్ప ఏమీ మిగలదు, దానికి మనిషికి 80, 100 డాలర్ల బిల్లు, పన్ను, ఆపైన 20 శాతం టిప్పు. తినే సామానులో అధిక భాగం ఓడల్లో బయటి నుంచి వచ్చేదే కాబట్టి ఖరీదెక్కువ అన్నది నిజమే, అయినా ఆ ధరలో సగం ఆ కిటికీకే. ఐదింటికి వెళ్లి కూర్చోండి, వెలుగుండగా తినండి. లేదా ఐసు పెట్టెలో మధ్యాహ్నమే కొన్న తిండి పెట్టుకుని ఇసకలో కూర్చోండి. నేను చేసేది రెండోది. వంటగదులు ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా మూసేస్తారు కూడా, రాత్రి పొద్దుపోయాక తిందామన్నా దొరకదు.

వైమేయా లోయ వెళ్లే రోజు కూడా ఇదే పద్ధతి. వెయ్యి మీటర్లకు పైగా లోతు, ఎర్రమట్టి గోడలు. పైన కోకేఏ పార్కు చివర కలలావ్ లోయ కనిపించే వ్యూపాయింట్ ఉంది. పది దాటాక మబ్బు ఎక్కేస్తే తెల్లటి తెర తప్ప ఏమీ కనపడదు. మబ్బు ఉంటే వెంటనే వెనక్కి తిరగొద్దు, పావుగంట, ఇరవై నిమిషాలు ఆగితే విడిపోవచ్చు. పైన తిండి దొరకడం మీద ఆశ పెట్టుకోకుండా వైమేయా ఊళ్లోనే కట్టించుకుని వెళ్లండి. దిగివచ్చాక షేవ్ ఐస్ (సన్నగా గీరి తీపి రసం పోసిన ఐసు), అడుగున ఐస్‌క్రీం వేయించుకుని.

సన్‌స్క్రీన్ కొనేటప్పుడు ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ లేనిది చూడండి. పగడాలకు హాని అని 2021 జనవరి 1 నుంచి హవాయిలో వాటి అమ్మకం ఆపేశారు. ఇంటి నుంచి పాత డబ్బా తీసుకెళ్లి పూసుకోవడం తెలివి అనిపించుకోదు. మాంక్ సీల్ అనే సముద్ర జంతువు ఇసకలో పడుకుని ఉంటే 50 అడుగుల దూరంలో, తాబేలుకు 10 అడుగుల దూరంలో ఉండాలి. పోయిపూలో ఇవి తరచూ కనిపిస్తాయి.

తిరుగు ప్రయాణంలో లిహూయే ఎయిర్‌పోర్టులో వ్యవసాయ శాఖ తనిఖీ ఉంటుంది. పైనాపిల్, కొబ్బరికాయ మెయిన్‌ల్యాండ్‌కు, అంటే అమెరికా ప్రధాన భూభాగానికి, తెచ్చుకోవచ్చు. బజారులో కొన్న మామిడి, లిచీ లాంటివి శుద్ధి చేసి ముద్ర వేసినవి కాకపోతే ఆపేస్తారు. కాబట్టి చివరి రోజు బజారులో సంచీ నింపకండి, ఆ పూట తినగలిగినన్నే కొనండి. కులోలో వండినది కాబట్టి దానికి ఆ గొడవ లేదు. మా సూట్‌కేసులో మొదటి చోటు దానిదే.